వానకు అలర్ట్ ఉంది.. ఆకలికి ఏదీ?

హైదరాబాద్: భారీ వాన వస్తుందంటే వాతావరణ శాఖ ముందే చెప్తుంది. ఎల్లో, ఆరెంజ్, రెడ్ అంటూ రంగుల్లో అలర్ట్ ఇస్తుంది. ఆ శాఖ హైదరాబాద్ కేంద్రం సనత్‌నగర్ పక్కనే బేగంపేటలో ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్ కూడా ఫోన్‌కే హెచ్చరిక పంపుతోంది. కానీ ఆ వానకు నాలుగు రోజులు కూలీ పోయిన ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అన్నది ఏ అలర్టూ చెప్పదు.

2020 అక్టోబర్ 13నే చూడండి. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఫలక్‌నుమా అల్ జుబైల్ కాలనీ మునిగింది. కొద్ది రోజులకే గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్ బాబానగర్‌లోకి నీళ్లొచ్చాయి. ప్రభుత్వం ఇంటికి రూ.10 వేలు ప్రకటించింది, రూ.550 కోట్లు విడుదల చేసింది. డబ్బు ఉంది, లిస్టే లేదు. ఎవరికివ్వాలో నీళ్లొచ్చాక రాయడం మొదలుపెట్టారు. మాకు అందలేదని జనం రోడ్డెక్కారు. తర్వాత మీసేవ కేంద్రాల ముందు గంటల తరబడి క్యూలు కట్టారు. చివరికి నవంబర్ 18న, జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ ఉందని రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపేసింది. అంటే వాన పడిన నెల దాటాక కూడా బాధితులు లైన్లోనే ఉన్నారు.

ఆకలిని ముందే పసిగట్టడం కొత్త సంగతి కాదు. 1880ల నాటి బ్రిటిష్ కరువు నిబంధనల్లోనే ధాన్యం ధర పెరగడం, జనం ఊళ్లు వదిలి తిరగడం లాంటి గుర్తులు రాసి పెట్టారు. అవి కనిపిస్తే అధికారి వెంటనే పనులు పెట్టి కూలీ ఇవ్వాలి. గుర్తుకూ చర్యకూ ముడి వేశారన్నమాట.

ఆ ముడి లేకపోతే ఏమవుతుందో సోమాలియా చూపించింది. 2010 నుంచే హెచ్చరికలు వచ్చాయి. పెద్ద ఎత్తున సాయం కదిలింది మాత్రం 2011 జులైలో కరువు ప్రకటించాకే. దాదాపు 2.6 లక్షల మంది చనిపోయారు, అందులో సగం ఐదేళ్లలోపు పిల్లలు.

మన దగ్గర రేషన్ షాపు గల్లీకి దగ్గర్లోనే ఉంది. ఎవరు ఎన్ని కిలోలు తీసుకున్నారో ఈ-పాస్ మెషీన్‌లో నమోదవుతుంది. రెడ్ అలర్ట్ రాగానే నాలా పక్క బస్తీలకు అదనపు కోటా ముందే పంపడం, బాధితుల లిస్టు వానాకాలానికి ముందే తయారు పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. కార్డు లేని కిరాయిదారులు, బయటి రాష్ట్రాల కార్మికులు కూడా ఆ లిస్టులో ఉండాలి. సనత్‌నగర్, బల్కంపేట గదుల్లో ఉండేది ఎక్కువగా వాళ్లే. రోజు కూలీ ఆగితే ముందు పస్తులుండేదీ వాళ్లే.