మరుగుజ్జు గెలాక్సీల పొయ్యి రాజేసేదెవరు? రాయ్‌పూర్ నుంచి ఒక చూపు

పెద్ద మెగెల్లానిక్ మేఘం మన పాలపుంత పక్కనే ఉన్న మరుగుజ్జు గెలాక్సీ. విశాఖలో అది దిగంతాన్ని ఆనుకుని కాసేపు పైకి వస్తుంది. రాయ్‌పూర్‌లో అదీ రాదు. సిల్తారా, ఉర్లా ఉక్కు కార్ఖానాల పొగ, నగరపు వెలుగు కలిసి మిగతా ఆకాశాన్నీ చాలావరకు కప్పేస్తాయి. అయినా ఇక్కడి పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో గెలాక్సీల పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది. మరుగుజ్జు గెలాక్సీల్లో నక్షత్రాలు ఎలా పుడతాయన్న చర్చలో ఇప్పుడు కావలసింది సరిగ్గా ఇలాంటి చోట్ల చేయదగ్గ పనే.

చిక్కు ఏమిటంటే, ఈ గెలాక్సీల ద్రవ్యరాశి పాలపుంతలో నూరో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. వాయువు పుష్కలంగా ఉన్నా ఎక్కువ వాటిలో నక్షత్రాలు మెల్లగా పుడతాయి. కొన్నింటిలో మాత్రం, ద్రవ్యరాశితో పోల్చి చూస్తే, పాలపుంత కన్నా పది నుంచి వంద రెట్ల వేగంతో పుడతాయి. ఆ జోరు కొన్ని కోట్ల ఏళ్లకు మించదు. గెలాక్సీ వయసు వందల కోట్ల ఏళ్లు. గురుత్వాకర్షణ బలహీనం కాబట్టి, భారీ నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలినప్పుడు వాయువు సులువుగా బయటికి ఎగిరిపోతుంది. అంటే పొయ్యి తన మంటతోనే తన కట్టెల్ని చెదరగొట్టుకుంటుంది. మరి ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడే ఎందుకు రాజుకుంది?

నైనితాల్‌లోని ఏరీస్ సంస్థకు చెందిన అమితేశ్ ఒమర్, ఆయన పూర్వ విద్యార్థి సుమిత్ జైస్వాల్ దీనికి ఒక జవాబు ఇచ్చారు. దేవస్థల్‌లోని 1.3 మీటర్ల టెలిస్కోప్‌తో అయనీకృత హైడ్రోజన్‌ను, పుణే దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌లోని 30 డిష్‌లతో మామూలు హైడ్రోజన్‌ను చూశారు. వాయువు గుండ్రంగా, కుదురుగా తిరగడం లేదు. విడిపోయిన మేఘాలు, తోకలు, ఒక పక్కకు ఒరిగిన గుంపులు కనిపించాయి. ఇంకో గెలాక్సీ ఇటీవల రాసుకుంటూ పోయినట్టుంది ఆ తీరు.

2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన మరో వైపు నుంచి అదే చోటికి చేరింది. అన్షుమన్ బొర్గొహెయిన్, కనక్ సాహా బృందం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్‌తో 11 నీలి మరుగుజ్జులను చూసింది. ఆ ఉపగ్రహం 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. కంటికి కనిపించే కాంతిలో గెలాక్సీ ముగిసిందనుకున్న చోటికి ఆవల కూడా కొత్త నక్షత్రాల గుంపులు వెలుగుతున్నాయని తేలింది. బయటి నుంచి వాయువు వచ్చి చేరుతోందనీ, ఆ గుంపులు క్రమంగా లోపలికి జారి గెలాక్సీని పెంచుతాయనీ వారి అభిప్రాయం.

రెండూ 'సరుకు బయటిదే' అంటున్నాయి. కానీ ఢీకొనడం వేరు, నెమ్మదిగా వచ్చి చేరడం వేరు. పైగా ఇక్కడ ఒక లొసుగు ఉంది. జోరు మీదున్న గెలాక్సీలనే ఎంచుకుని చూస్తే వాటిలో అలజడి కనిపించడం వింత కాదు. ఊరుకున్న మరుగుజ్జుల్లో కూడా అంతే అలజడి ఉంటే? అప్పుడు కారణం ఇంకెక్కడో వెతకాలి. కాబట్టి మౌనంగా ఉన్నవాటిని కూడా అదే కొలబద్దతో వరసగా కొలవాలి. ఎవరికీ పేరు తెచ్చిపెట్టని పని ఇది.

రాయ్‌పూర్‌కు అలాంటి పని కొత్త కాదు. ఎస్.కె. పాండే తదితరులు దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లోని ధూళిని ఇలాగే ఒక్కొక్కటిగా లెక్కగట్టారు. 2007లో వచ్చిన వారి పత్రం ఆ ధూళిలో చాలా భాగం బయటి నుంచే వచ్చి ఉండాలన్న వైపు మొగ్గింది. సొంతంగా పెద్ద టెలిస్కోప్ లేకపోయినా, దేశంలోని టెలిస్కోప్‌లను పంచుకుంటూ, పుణేలోని ఐయూకా అండతో ఇది నడిచింది. ఇప్పుడు దారి ఇంకా సులువు. జీఎంఆర్‌టీ, ఆస్ట్రోశాట్ పరిశీలనలు నిర్ణీత గడువు దాటాక ఎవరికైనా అందుతాయి.

మన వైపు చూస్తే తేడా తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ 1968లోనే వచ్చింది. చివరికి అది మూలన పడింది. పరికరం ఉన్నంత మాత్రాన పరిశోధన నిలవదు. దాన్ని పట్టుకుని కూర్చునే అధ్యాపకులు, ఐదేళ్లు ఫెలోషిప్ ఆగకుండా అందే విద్యార్థులు కావాలి. అంతర్జాతీయ రేడియో టెలిస్కోప్ 'స్కా'లో చేరడానికి కేంద్రం రూ.1,250 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. అయితే ఆ డిష్‌ల నుంచి వచ్చే సమాచారాన్ని చదవగల వాళ్లు రాయ్‌పూర్‌లో, హైదరాబాద్‌లో, తిరుపతిలో ఎంతమంది తయారవుతున్నారన్నది ఆ మొత్తం చెప్పదు. ఆ లెక్క రాష్ట్ర విశ్వవిద్యాలయాల నియామకాల జాబితాల్లో ఉంటుంది.