సెంట్రల్ యూనివర్సిటీ మనది కాదని ఎవరన్నారు?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరెత్తితే మా మొవ్వ, కూచిపూడి, గుడివాడ వైపు రెండు మాటలు వినబడతాయి. ఊళ్ళో అరుగుల మీద మాట ఇది: "అక్కడ చదివేదెవరండీ, కోటాలో దూరినవాళ్ళు. పుస్తకం పట్టరు, జెండా పడతారు." కాలవ గట్టు మీది యానాది కాలనీలో మాట ఇది: "అయ్యన్నీ డబ్బున్నోళ్ళ సదువులు మేస్టారూ, ఇంగిలీసు రాకపోతే గుమ్మం ఎక్కనివ్వరంట." ఒకరికి అది కోటావాళ్ళ సత్రం, ఇంకొకరికి దొరల కోట. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. అసలు రెండూ అబద్ధాలే. కానీ రెండూ కలిసి ఒకే పని చేస్తున్నాయి. మన పిల్ల దరఖాస్తు పెట్టకుండా ఆపుతున్నాయి.

ముద్రలు మనకు కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చి, ఎరుకలవాళ్ళనూ యానాదుల్లో కొందరినీ పుట్టుకతోనే దొంగలని రాశారు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం పోయింది. చెరువులో చేప పోతే ముందు ఎవరి గుడిసె వెతుకుతారో మాత్రం దివిసీమలో ఎవరినడిగినా చెబుతారు. ఆ ముద్రే ఇప్పుడు చదువుకునే బిడ్డ నుదుటికెక్కింది. నాడు చేప దొంగ, నేడు సీటు దొంగ.

సరే, సీట్ల లెక్కే చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం. వంద సీట్ల తరగతిలో ఏడెనిమిది మంది. ఆ ఏడెనిమిది మందిని చూసి క్యాంపస్ నిండిపోయిందని గోల! కటాఫ్ తక్కువే, దాచాల్సిన పనేమీ లేదు. రొయ్యల చెరువు కాపలాకు అమ్మానాన్నా వెళితే వాళ్ళ వెంట గట్టు మీది గుడిసెలో నెలల తరబడి ఉండి, బడి పోయి, మళ్ళీ వచ్చి పాఠం అందుకున్న పిల్లవాడు వాడు. కార్పొరేట్ కాలేజీలో లక్షలు పోసి రెండేళ్ళు తోమించుకున్నవాడి పక్కన నిలబెట్టి, వాడికి నాలుగు మార్కులు తక్కువొచ్చాయని నవ్వేవాళ్ళను ఏమనాలి? లోపలికి వెళ్ళాక అందరికీ ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే ల్యాబు. పట్టా మీద కోటాలో పాసయ్యాడని ఎవరూ రాసివ్వరు.

ఇక జెండా సంగతి. ఆ యూనివర్సిటీ పుట్టిందే ఉద్యమాల వల్ల. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర, వాటి తర్వాత 1973లో ఆరుసూత్రాల పథకం. అందులోని హామీ ప్రకారం 1974లో యూనివర్సిటీ వచ్చింది. మొదట ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లో, గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. మన కోస్తావాళ్ళు రోడ్డెక్కకపోతే అది ఉండేదా? 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వస్తే అడ్డం పడింది ఆ పిల్లలే. పోలీసు వ్యాన్లలోకి ఎక్కించినా వెనక్కి తగ్గలేదు. ఏప్రిల్ 3న చెట్లు నరకడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. అడవి కోసం నిలబడటం చెడిపోవడమైతే, మన తాతముత్తాతలంతా చెడిపోయినవాళ్ళే.

కాలనీ మాటకు కోపంతో జవాబు చెప్పలేం, అది భయం. కానీ ఆ భయానికి ఆధారం తక్కువ. అది ప్రభుత్వ యూనివర్సిటీ, హాస్టళ్ళున్నాయి. ఇంటర్ తర్వాత నేరుగా అయిదేళ్ళ ఎం.ఏ., ఎం.ఎస్సీ.లో చేరొచ్చు. అందుకు 2022 నుంచి సీయూఈటీ అనే పరీక్ష రాయాలి. దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. ఈ ఒక్క ముక్క కాలనీలో ఎంతమందికి తెలుసు? తెలుగు శాఖ ఉంది, అందులో పీహెచ్‌డీ దాకా చదవొచ్చు. పాఠం ఇంగ్లీషులో జరిగేచోట మొదటి సెమిస్టరు కష్టమే, పక్క బెంచీలో ఒడిశా పల్లె నుంచి వచ్చినవాడికీ అంతే. రాష్ట్రం విడిపోయింది కదా, ఇక మనకెక్కడిది అనేవాళ్ళూ ఉన్నారు. కేంద్ర యూనివర్సిటీకి ఏ రాష్ట్రం పిల్లలైనా ఒకటే.

అది స్వర్గమని మేము చెప్పడం లేదు. హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్లో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న అక్కడే ప్రాణం తీసుకున్నాడు. 2019 మేలో ముంబైలో మన ఆదివాసీ బిడ్డ, డాక్టర్ పాయల్ తడ్వీ పోయింది. కులం పేరుతో సీనియర్లు వేధించారని తల్లి ఫిర్యాదు చేసింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే రాసింది. యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. కాగితం మీద ఉన్నవి గదుల్లోకి రావాలంటే అడిగేవాళ్ళు లోపల ఉండాలి కదా. ఒక్కరిని పంపడానికి భయమైతే ఇద్దరిని పంపుదాం. పంపడం మానేస్తే సంతోషించేది అరుగు మీదివాళ్ళే.

"విజయనగరంలో మీకు గిరిజన యూనివర్సిటీ ఇచ్చారుగా, అక్కడికి పొండి" అనేది కొత్త పాట. 2019లో వచ్చింది, మంచిదే, వెళతాం. అంతమాత్రాన మిగతావన్నీ తమకే రాసిచ్చేశామనుకుంటున్నారా?

మా తోటి ఉపాధ్యాయుల్లో కొందరితోనే అసలు పేచీ. పదో తరగతిలో బాగా చదివే యానాది పిల్లను పిలిచి, "నీకెందుకమ్మా అంత దూరం, ఏదో ఒక చిన్న కోర్సు చేసి ఉద్యోగం చూసుకో" అంటారు. దాన్ని జాలి అంటారు. అదే మాట తమ కూతురికి చెబుతారా? మేము ట్రైనింగ్ చేసి బడికొచ్చినవాళ్ళం, చిన్న ఉద్యోగం విలువ మాకు తెలుసు. అదొక్కటే దారి అని పదిహేనేళ్ళ పిల్లకు గీత గీయడానికి మనమెవరం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టీచర్లూ, పని ఇప్పుడే మొదలుపెట్టాలి. మీ కాలనీలో ఇంటర్ రెండో ఏడాది చదివేవాళ్ళ పేర్లు రాసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మార్కుల జాబితాలో ఇంకో పేరు ఉంటే దసరా సెలవుల్లోనే సరిచేయించండి. ఎస్టీ ధ్రువీకరణ పత్రం లేని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెడితే పత్రం చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుంది.