నలుపు కూడా రంగే కదా!

ఒక చిన్న లెక్క వేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో, మన కాలేజీ స్టాఫ్ రూములో నలభై ఐదు దాటిన వాళ్లందరినీ ఒకసారి గుర్తు చేసుకోండి. వాళ్లలో ఎంతమంది జుట్టు దాని అసలు రంగులో ఉంది? మా ఇంట్లో అయితే నాన్న, బాబాయి, పెద్దత్త... నెలకో ఆదివారం పాత బనియనో పాత నైటీనో వేసుకుని, పనికిరాని టూత్‌బ్రష్ ఒకటి పట్టుకుని, గిన్నెలో డై కలుపుకుని వరండాలో కూర్చుంటారు. వాళ్లని ఎవరూ "జుట్టుకి రంగేంటి, నీకేమైంది?" అని అడగరు. ఎందుకంటే అది రంగు కాదంట. డై అంట! అదే పంతొమ్మిదేళ్ల అమ్మాయి రెండు పాయలకి నీలం వేయించుకుంటే మాత్రం అది రంగు. అది డిసిప్లిన్ సమస్య. ఇంటికి ఫోన్ వెళ్తుంది.

నాకు ఈ తేడా ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు కాస్త కెమిస్ట్రీ. (సీఎస్ఈ వాళ్లు పారిపోకండి, ఫస్ట్ ఇయర్‌లో అందరం చదివిందే.) మన జుట్టు నల్లగా ఉండేది మెలనిన్ వల్ల. నల్ల చార్టు మీద నీలం స్కెచ్ పెన్‌తో రాస్తే ఏం కనబడుతుంది? ఏమీ కనబడదు. జుట్టు కూడా అంతే. నీలం, గులాబీ, ఊదా లాంటివి కనబడాలంటే ముందు బ్లీచ్ చేయాలి, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ మెలనిన్‌ని పోగొట్టాలి. అప్పుడు జుట్టు పచ్చగా, గడ్డిలా అవుతుంది. ఆ పసుపు మీద నీలం వేస్తే ఒక్కోసారి ఆకుపచ్చ తేలుతుంది. డ్రాయింగ్ క్లాసులో నీలం, పసుపు కలిపితే వచ్చేదే. బ్లీచ్ వల్ల జుట్టు పొడిబారుతుంది, తెగుతుంది. దీన్ని దాచిపెట్టి ఎవరినీ ఒప్పించాలని నాకు లేదు. కానీ ఆ తర్వాత వేసే రంగు చాలావరకు సెమీ పర్మనెంట్. వెంట్రుక లోపలికి పెద్దగా పోదు, తలస్నానం చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం వదిలిపోతుంది.

ఇప్పుడు 'పద్ధతైన' నలుపు సంగతి చూద్దాం. చాలా పర్మనెంట్ నల్ల డైలలో పారాఫెనిలీన్‌డయమీన్ అనే పదార్థం ఉంటుంది, పొట్టిగా పీపీడీ. అది చిన్న అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరిపోతుంది. అక్కడ పెరాక్సైడ్‌తో కలిసి పెద్ద రంగు అణువుగా మారి ఇక బయటికి రాలేక ఉండిపోతుంది. ఐడియా బ్రహ్మాండం, ఒప్పుకుంటాను. కానీ ఈ పీపీడీ పడనివాళ్లు చాలామంది ఉన్నారు. దురద, దద్దుర్లు, కళ్లు మూసుకుపోయేంత వాపు. అందుకే ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, వాడే 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి చూసుకోమని. ఎవరైనా చూసుకోగా మీరు చూశారా?

నా స్కూల్ ఫ్రెండ్ ఒకమ్మాయి వేరే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతోంది. కాలేజీ పేరు వద్దులెండి. సెలవుల్లో చెవి వెనక రెండు పాయలకి నీలం వేయించుకుంది. జడ వేసుకుంటే సగం కనబడదు కూడా. ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు సాయంత్రం పిలిచి, "రేపటికి న్యాచురల్ కలర్‌లో రావాలి, లేకపోతే లోపలికి రానివ్వం" అన్నారు. న్యాచురల్ కలర్ ఒక్క రాత్రిలో ఎక్కడినుంచి వస్తుంది? వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు, మహా అయితే కాస్త ఎక్కువ పెరుగుతుంది. సో, కిరాణా షాపులో నల్ల డై ప్యాకెట్ కొని హాస్టల్ బాత్రూములో తలంతా వేసుకుంది. 48 గంటల టెస్ట్ చేసుకునే టైమే ఇవ్వలేదు ఆ ఆర్డర్. ఎగ్జామ్ రాసింది పాపం. ఆ మర్నాటికి నుదురు, కనురెప్పలు ఉబ్బిపోయాయి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట "నల్ల డై వేసుకున్నావామ్మా?" అనే. నీలం గురించి ఆయన అడగనే లేదు.

రూల్ పెట్టినవాళ్లకి ఆ అమ్మాయి మీద కోపం ఉందని నేను అనుకోను. వాళ్లకి నిజంగానే నలుపంటే 'ఏమీ వేసుకోకపోవడం'. అదే అసలు సమస్య. కళ్లకి అలవాటైన రంగు రంగులా కనబడటం మానేస్తుంది.

సంప్రదాయం అనేవాళ్లకి కూడా ఒక మాట. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే మన ఇళ్లలో ఊరుకుంటారా? అరచేయి ఎంత ఎర్రగా పండితే అంత మెచ్చుకోలు. గోరింటాకులో ఉండే లాసోన్ చర్మంలోని కెరటిన్‌కి అతుక్కుంటుంది. జుట్టు కూడా కెరటినే, గోళ్లూ కెరటినే. అదే ఆకు రుబ్బి తలకి పెట్టుకుని నారింజ రంగు జుట్టుతో తిరిగే తాతయ్యలు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లని చూసి ఎవరూ చెడిపోయారనలేదు. నిజం చెప్పాలంటే మా వీధిలో అందరికంటే స్టైలిష్ హెయిర్ ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారిది. మండుతున్న ఆరెంజ్!

ఇక పూలజడ. మా అమ్మ చిన్నప్పటి ఫొటో ఒకటి ఉంది మా ఇంట్లో. వేసవి సెలవులు, పదేళ్ల పిల్ల, వీపంతా మల్లెమొగ్గల జడ, అది కనబడాలని వెనకాల అద్దం పెట్టి స్టూడియోలో తీయించిన ఫొటో. ఆ జడ మా అమ్మమ్మ కుట్టింది. మధ్యాహ్నం నుంచి కూర్చుని, సూదీ దారంతో ఒక్కొక్క మొగ్గా కుట్టిందట. సాయంత్రం ఫొటో, రాత్రికి పూలు వాడిపోయాయి. ఒక్క పూట కోసం ఆరేడు గంటల పని. "టైమ్ వేస్ట్" అని ఆ రోజు ఎవరైనా అన్నారా అని అడిగితే, అమ్మ నన్ను వింతగా చూసింది.

టైమ్ వేస్ట్ అన్న మాట ఎందుకొచ్చిందంటే, ఈ మాట నేను ఎక్కువగా వినేది జుట్టు విషయంలో కాదు, కార్డుల విషయంలో. నేను గ్రీటింగ్ కార్డులు చేస్తాను. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఏ5 వస్తుందని, పొడవు వెడల్పుల నిష్పత్తి రూట్ 2 కాబట్టి ఎన్నిసార్లు మడిచినా ఆకారం మారదని నాకు తెలిసింది మ్యాథ్స్ క్లాసులో కాదు, కార్డు మడుస్తూనే. మామూలు జిరాక్స్ పేపర్ 75 జీఎస్ఎం ఉంటుంది, దానితో కార్డు చేస్తే నిలబడదు, వంగిపోతుంది. 250 జీఎస్ఎం దాటితే నిలబడుతుంది కానీ చేత్తో మడిస్తే మడత దగ్గర పగులుతుంది. ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీత గీసి అప్పుడు మడవాలి. ఇలాంటివి చేతికి తెలుస్తాయి. ఫెవికాల్ ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుందని కూడా.

మొన్న టీచర్స్ డేకి మా సెక్షన్ తరఫున నేనే కార్డు చేశాను. అందరూ తెగ మెచ్చుకున్నారు. "ఎంత క్రియేటివో!" అన్నారు. సంతోషమే, కాదనను. కానీ అదే రోజు అదే గదిలో మా క్లాసు అబ్బాయి ఒకడిని జుట్టు చివర్ల ఎరుపు చూసి బయట నిలబెట్టారు. కార్డు మీద ఎరుపు కళ అట, తల మీద ఎరుపు పొగరట. ఒకటి పెద్దవాళ్లకి ఇచ్చేది, రెండోది తనకోసం తను చేసుకున్నది. తేడా అంతే అని నాకనిపిస్తోంది. మన దగ్గర పిల్లల సృజనకి పర్మిషన్ ఉంది, అది ఎవరికైనా కానుకగా ఇస్తేనే.

రంగు గురించి మన బ్రాంచి వాళ్లకి ఒక కథ చెప్పాలి. సీఎస్ఎస్‌లో రంగులకి పేర్లుంటాయి కదా, టొమాటో, శాల్మన్ అని. వాటిలో రెబెక్కాపర్పుల్ అని ఒకటుంది, కోడ్ #663399. సీఎస్ఎస్ పుస్తకాలు రాసిన ఎరిక్ మేయర్ కూతురు రెబెక్కా 2014 జూన్‌లో, సరిగ్గా తన ఆరో పుట్టినరోజునే బ్రెయిన్ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ పాపకి ఊదా రంగంటే ఇష్టం. వెబ్ డెవలపర్లు అందరూ కలిసి ఆ రంగుకి ఆమె పేరు పెట్టారు. బెక్కా అని పొట్టిగా ఎందుకు పెట్టలేదంటే, ఆరేళ్లు వస్తే తను పెద్దపిల్లననీ, అప్పటినుంచి రెబెక్కా అని పిలవాలనీ ఆ పాప అనేదట. దాదాపు పన్నెండు గంటలు ఆరేళ్ల పిల్లగా ఉంది. అందుకే ఆ పేరే ఉంచమని వాళ్ల నాన్న కోరాడు. ఈ రోజు మీ బ్రౌజర్‌లో ఆ పదం టైప్ చేస్తే ఆ రంగు వస్తుంది. స్టాండర్డ్స్ అంటే ఎంత పొడిగా ఉంటాయో తెలుసు కదా, అందులోకి ఇది చేరింది. నాకు తెలిసిన కానుకల్లో ఇంతకంటే చేత్తో చేసినట్టు అనిపించేది ఇంకొకటి లేదు, చేసింది కీబోర్డుతోనే అయినా.

కాబట్టి ఏఐతో మెసేజ్ రాయించి పంపేవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ మా అమ్మమ్మకి పంపిన కార్డులో నేను తెలుగులోనే రాయాలి, ఆవిడకి ఇంగ్లీష్ రాదు. ఇంగ్లీష్ మీడియం చేతికి 'జ్ఞ' రాయడం ఎంత పనో మీలో చాలామందికి తెలుసు. నా వంకర అక్షరాల కార్డు ఆవిడ టీవీ పక్కన నిలబెట్టుకుంది. వాట్సాప్‌లో వచ్చిన గులాబీ పూలు మాత్రం స్టోరేజ్ నిండిపోయిందని నా చేతే డిలీట్ చేయిస్తుంది.

మళ్లీ రూల్స్ దగ్గరికి వస్తాను. ల్యాబ్‌లో జుట్టు ముడేసుకోమనండి, మెషిన్లు తిరిగే చోట అది ప్రాణానికి సంబంధించిన విషయం, నేనే మొదట ముడేస్తాను. ప్లేస్‌మెంట్స్‌కి నల్లగా వెళ్లాలనుకునేవాళ్లు వెళ్తారు, అది వాళ్ల లెక్క. కానీ "రేపటికల్లా నలుపు" అన్న ఆర్డర్ ఏ కాలేజీలో ఉన్నా తీసేయాలి. కనీసం 48 గంటలైనా ఇవ్వాలి. మీరు కూడా, నీలం వేసుకున్నా నలుపు వేసుకున్నా, ముందు చెవి వెనక రాసి చూసుకోండి. నాన్నలకీ చెప్పండి, ముఖ్యంగా నాన్నలకే.

బ్లీచ్ భయం ఉన్నవాళ్లకి మా అమ్మమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది: సవరం. పొడుగు జడ కోసం పెట్టుకునేదే, ఫెస్ట్‌కి ఒక రోజు రంగుది పెట్టుకుని సాయంత్రం తీసేయొచ్చు. అమ్మమ్మతో కలిసి బజారుకెళ్లి అడిగాను. షాపాయన నన్ను చూసి, ఆవిడని చూసి, "నీలం సవరం ఎవరికమ్మా?" అన్నాడు. "నాకే" అంది అమ్మమ్మ.