వంటయింటి యంత్రములు

తెల్లవారుజామున తెలుగువారి ఇంటిలో వినవచ్చు మొదటి ధ్వని ఒకప్పుడు వేరు, నేడు వేరు. ఒకప్పుడు పెరటిలో రుబ్బురోలు గరగరలాడుచుండెడిది. రోటి ముందు ఒక కాలు మడచి, ఒక కాలు చాచి కూర్చున్న ఇల్లాలు కుడిచేత పొత్రమును త్రిప్పుచు, ఎడమచేత పిండిని గుంటలోనికి త్రోయుచుండెడిది. నానిన మినపపప్పు వెన్నవలె నలుగవలెనన్న చాలసేపు పట్టును. ఇల్లు పెద్దదైనచో గంటకు పైబడియే పట్టును. పండుగనాడు గారెలకు పిండి రుబ్బిన చేతికి మరునాటి వరకు నొప్పి వదలెడిది కాదు. ఆ గారెలను తినినవారు రుచిని మెచ్చుకొనిరే గాని, రుబ్బిన వారి భుజమును గురించి అడిగినవారు అరుదు. నేడు ఆ గరగరలు పోయి మిక్సీ హోరు వినబడుచున్నది. చెవులకు అది ఇంపైన ధ్వని కాదు. అయినను దానిని నిందించుటకు ముందు, అది ఎవరి భుజము మీది బరువును దించినదో ఆలోచింపవలెను.

నేడు పట్టణములలో గృహోపకరణములు అమ్ము అంగడికి పోయినవారికి కన్నులు మిరుమిట్లు గొనును. అద్దమువలె మెరయు తలుపులు గల రిఫ్రిజిరేటర్లు, తమంతట తామే గదులన్నియు తిరిగి నేల ఊడ్చు యంత్రములు, నోటిమాటకు వెలుగు దీపములు, సెల్‌ఫోనును వ్రేలితో తాకినంతనే తిరుగు పంకాలు అచ్చట బారులు తీరియుండును. అమ్మువాడు ప్రతిదానిని పొగడును. అది వాని వృత్తి. కొనువానికి మాత్రము ఒక విచారణ తప్పదు. ఏ యంత్రము ఇంటి అవసరము కొరకు పుట్టినది? ఏది చుట్టములకు చూపుకొనుటకు మాత్రమే పనికివచ్చును? దీనిని తేల్చుటకు వెలచీటియు, రంగును, మెరుపును సాయపడవు. ఇంటిలో ఏ పని ఎవరి నడుమును వంచుచున్నదో, ఆ నడుమును ఈ యంత్రము కొంచెమైనను నిలుపునా అని అడిగిన చాలును.

ఈ పరీక్షలో నెగ్గిన యంత్రములలో గ్రైండరు ముఖ్యమైనది. అది పుట్టినది ఏ విదేశములోను కాదు, తమిళనాడులోని కోయంబత్తూరులో. నూలు మిల్లులకును, నీటి పంపులకును, మోటార్లకును ఆ నగరము పేరు గాంచినది. అచ్చట 1955 వ సంవత్సరములో సభాపతి అను ఆయన రుబ్బురోటికి విద్యుత్తు మోటారును జోడించి గ్రైండరును రూపొందించెను. ఆ ఏర్పాటులోని చమత్కారము గమనింపదగినది. చేతితో రుబ్బునపుడు రోలు కదలదు, పొత్రము తిరుగును. యంత్రములో రోలే తిరుగును. పొత్రము తన చోటు వదలదు. తరతరములుగా స్త్రీలు చేసిన పనిని నిశితముగా చూచినవారికి గాని ఇట్టి ఊహ తట్టదు. రాయి మెల్లగా తిరుగుట వలన పిండి వేడెక్కదు, చక్కగా పొంగును. అందుచేతనే మిక్సీలు ఎన్ని వచ్చినను ఇడ్లీపిండికి హోటళ్ళవారు గ్రైండరునే కోరుదురు. కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. 2011 లో తమిళనాడు ప్రభుత్వము పేద కుటుంబములకు మిక్సీ, గ్రైండరు, పంకా ఉచితముగా పంచు పథకమును ఆరంభించినపుడు, ఇది ఓట్ల కొరకైన ఎర యని ఎగతాళి చేసినవారు కలరు. వారిలో రోటి దగ్గర గంటసేపు కూర్చుండినవారు ఎందరో తెలియదు.

మిక్సీ కథయు ఇట్టిదే. పాశ్చాత్య దేశములలో మిక్సీలు కేకుల పిండి కలుపుటకు, పండ్లను చిదుపుటకు ఏర్పడినవి. ఎండుకొబ్బరి, పసుపుకొమ్ములు, మినపపప్పు వాటికి తెలియవు. ముంబయి నగరములో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు ఉండెను. ఆయన భార్య మాధురి వాడుచుండిన జర్మనీ దేశపు మిక్సీ ఒకనాడు చెడిపోయెను. భారతదేశపు వంటకు తట్టుకొనగల బలమైన మోటారుతో ఒక మిక్సీని తానే తయారుచేయవలెనని ఆయన సంకల్పించెను. 1960 ల నాటి ఆ ప్రయత్నము నుండియే ‘సుమీత్’ మిక్సీ వెలువడినది. సుమీత్ అనగా మంచి మిత్రుడు. మాధురి వంటయింటిలో ఎదురైన చిక్కు ఆ యంత్రమునకు తొలి నమూనా యైనది. చూచుటకు అది ఏమంత సొగసైనది కాదు. అయినను ఇల్లాండ్రు దానిని ఏండ్ల తరబడి వదలలేదు.

ఇక గ్యాసు పొయ్యి సంగతి. తడికట్టెల పొగలో ఊదుగొట్టముతో నిప్పు రాజేసి, కన్నులు తుడుచుకొనుచు వంట చేసిన తరములకు దాని విలువ చెప్పనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999 లో పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చుటకు ‘దీపం’ పథకమును ప్రవేశపెట్టెను. దేశమంతటికిని ‘ఉజ్జ్వల’ పథకము 2016 లో వచ్చెను. నీలి మంట గల ఈ సామాన్యమైన పొయ్యిని చుట్టములకు చూపి గర్వించువారు లేరు. ఇంటి యంత్రములలో ఇంతటి మేలు చేసినవి మిక్కిలి కొద్ది.

వీనికి పూర్తిగా విరుద్ధమైన కథ అమెరికాలో జరిగినది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ‘జ్యూసెరో’ అను సంస్థ 2016 లో పండ్లరసము తీయు యంత్రమొకటి విడుదల చేసెను. తెల్లని నునుపైన యంత్రము. బల్ల మీద పెట్టిన శిల్పమువలె ఉండెను. దాని వెల 699 డాలర్లు. ఆ సంస్థలో ధనవంతులు పెట్టుబడిగా పెట్టిన సొమ్ము సుమారు 12 కోట్ల డాలర్లు. కొనినవారు తమ ఇష్టమువచ్చిన పండును అందులో వేయుటకు వీలులేదు. ముందే తరిగి సంచులలో నింపిన పండ్లముక్కలను ఆ సంస్థ యొద్దనే కొనవలెను. యంత్రము అంతర్జాలముతో సంబంధము కలిగియుండి, సంచి మీది గుర్తును చదివి, దాని గడువు తీరలేదని తెలిసికొనిన పిమ్మట గాని రసము పిండదు! 2017 ఏప్రిల్‌లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ విలేఖరులు ఆ సంచిని యంత్రములో పెట్టక రెండు చేతులతో పిండి చూచిరి. రసము వచ్చెను, ఇంచుమించు యంత్రము ఇచ్చునంతయు వచ్చెను. అప్పటికే వెలను 399 డాలర్లకు తగ్గించియుండిరి. అయినను లాభము లేకపోయెను. ఆ ఏడు సెప్టెంబరులో సంస్థ అమ్మకములను నిలిపివేసెను. ఆ యంత్రములో పనితనము లోపింపలేదు; లోపలి భాగములు చాల దృఢముగా చేయబడినవని విప్పి చూచిన నిపుణులే మెచ్చుకొనిరి. లేనిదల్లా ఇంటిలో దానికొక పని. సంచిని పిండుట ఎవరికిని భారముగా లేదు గదా!

ఇంతమాత్రముచేత అందమును దూషింపరాదు. పనిముట్టును అలంకరించుట తెలుగువారికి క్రొత్త కాదు. పెండ్లి పనులు ఆరంభించునాడు రోటికిని, రోకలికిని పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ముత్తయిదువులు పసుపు దంచుదురు. దసరా పండుగకు కుట్టుమిషను మొదలు మోటారుబండి వరకు అన్నింటికిని పూలదండలు పడును. చేతికి పని ఇచ్చిన వస్తువు మీది గౌరవము చేత పుట్టిన అందము అది. మిక్సీకి మంచి రంగు వేసినచో తప్పేమి? ఇరుకు వంటయింటిలో సొగసైన వస్తువొకటి కనుల యెదుట ఉండుట కూడ సుఖమే. రంగుకు మురిసి మోటారును మరచుటయే తప్పు.

అందముకన్న ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: చెడిపోయినచో బాగగునా? మిక్సీ గిన్నెకును మోటారుకును నడుమ రబ్బరుతోనో, ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న చక్రము వంటి కప్లరు ఉండును. బరువు మించినపుడు మోటారు కాలిపోక మునుపే అది అరిగి తెగిపోవును. దాని వెల స్వల్పము. ఊరూర మిక్సీలు బాగుచేయువాడు కొద్దిసేపటిలో దానిని మార్చి ఇచ్చును. మోటారు మరీ వేడెక్కినపుడు తనంతట తానే ఆగిపోవుటకును, కొంతసేపటికి మరల మొదలిడుటకును అడుగున ఎర్రని మీట ఉండును. ఈ ఎర్రమీట సంగతి తెలియక, మంచి మిక్సీని చెడినదని భుజాన వేసికొని బాగుచేయువాని యొద్దకు మోసికొనిపోయినవారు ఊరికి పదిమంది యుందురు! కప్లరును, మీటను ఏర్పరచినవారు యంత్రము పదేండ్లు బ్రతుకవలెనని తలచి ఏర్పరచిరి.

నేటి చతుర యంత్రములన్నింటికిని ఈ ఆయుర్దాయము లేదు. అమెరికాలో ‘రివాల్వ్’ అను చిన్న పరికరము ఉండెడిది. ఇంటిలోని దీపములను, తలుపు తాళములను ఒకచోట నుండి నడుపుటకు దానిని సుమారు 300 డాలర్లు పెట్టి కొనిరి. ఆ సంస్థను మరియొక సంస్థ 2014 లో కొనెను. 2016 మే నెలలో దూరమున ఉన్న కంప్యూటర్ల నుండి ఆ పరికరమునకు అందుచున్న సేవను నిలిపివేసిరి. పరికరములో ఒక తీగయైనను తెగలేదు, ఒక మరయైనను ఊడలేదు. అయినను అది ఒక్కనాటిలో పనికిమాలినదయ్యెను. ఇట్టిదానిని బాగుచేయుటకు ఏ పనివాడు రాగలడు? రోలు పగిలినచో రాతిపనివాడు ఉండెను. మిక్సీ ఆగినచో మిక్సీ పనివాడు కలడు. భారత ప్రభుత్వము 2022 లో మరమ్మతు హక్కును గురించి ఒక సంఘమును నియమించి, ఆ ఏడు డిసెంబరులోనే ప్రజల కొరకు ఒక జాలస్థలమును తెరచుటకు కారణము ఇట్టి చిక్కులే.

యంత్రము శ్రమను తగ్గించునన్న మాటను కూడ పూర్తిగా నమ్మరాదు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అను అమెరికా చరిత్రకారిణి 1983 లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అను గ్రంథము వ్రాసెను. తల్లికి మరింత పని అని ఆ పేరునకు అర్థము. ఆ దేశములో కట్టెలు కొట్టుట, నీరు తెచ్చుట వంటి పనులలో పురుషులకును, పిల్లలకును ఉండిన వంతు యంత్రములు వచ్చిన పిమ్మట తొలగినది. వారమునకొకమారు ఉతుకు బట్టలను తరచుగా ఉతుకవలసివచ్చినది. పని సులభమైనకొలది దానిని ఎక్కువమారులు చేయుట, మరింత శుభ్రముగా చేయుట ఆచారమైనది. ఆ భారము తల్లి మీదనే నిలిచినది. తెలుగు ఇండ్లలో ఈ మాటకు నిదర్శనము ఉదయపు ఫలహారమే. పూర్వము పల్లెలలో ప్రొద్దున చద్దన్నము తినెడివారు. ఇడ్లీలు, దోసెలు పండుగలకో, చుట్టములు వచ్చినపుడో చేసెడివారు. మిక్సీ వచ్చినది గనుక అవి దినదినమును కావలసివచ్చినవి. పిండి రుబ్బు శ్రమ తగ్గినది. పిండి రుబ్బు దినములు పెరిగినవి.

దేశమంతట ప్రజలు తమ కాలమును ఎట్లు గడుపుచున్నారో తెలిసికొనుటకు జాతీయ గణాంక కార్యాలయము 2019 లో ఒక సర్వే జరిపెను. ఇంటి పనులు చేయు స్త్రీలు వాటికై దినమునకు 299 నిమిషములు వెచ్చించుచున్నారనియు, చేయు పురుషులు 97 నిమిషములు మాత్రమే వెచ్చించుచున్నారనియు అందు తేలినది. ఆ పనులలో చేయి పెట్టు పురుషులు నూటికి 26 మంది. స్త్రీలు 81 మంది. 2024 లో మరల సర్వే జరిగినపుడు స్త్రీల కాలము 289 నిమిషములకు తగ్గినది. పురుషులదియు 88 నిమిషములకు తగ్గినది! ఐదేండ్లలో అంగడులలోనికి వచ్చిన క్రొత్త యంత్రములెన్నో. స్త్రీకి దినమున మిగిలిన కాలము పది నిమిషములు.

రోలు రుబ్బుటకు కండబలము కావలెను. అయినను ఆ పనిని బలవంతులమని చెప్పుకొను పురుషులు చేయలేదు, స్త్రీలకే విడిచిరి. మిక్సీ స్విచ్చి త్రిప్పుటకు బలము అక్కరలేదు. అదియు స్త్రీలకే మిగిలినది. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు సెల్‌ఫోనులోని మీటలన్నింటిని ఎరుగును. ఇంటికి తెచ్చిన క్రొత్త పరికరమును పెట్టె నుండి తీసి నడిపించుటలో పెద్దలకన్న నేర్పరి. మిక్సీ గిన్నెను కడుగునపుడు బ్లేడు క్రింద చిక్కుకొనిన పిండిని ఎట్లు తీయవలెనో మాత్రము వానికి ఎవరును చూపలేదు. చూపినచో ఒక్క దినములో నేర్చుకొనును.

మాటలు విని బదులు పలుకు పరికరములు ఈనాడు అనేక గృహములలో చేరినవి. రాత్రి తొమ్మిది గంటలకు పప్పు నానబోయవలెనని గుర్తుచేయుమన్నచో, అది తొమ్మిది కాగానే తప్పక గుర్తుచేయును. ఆ మాట ఇంటిలో నలుగురికిని వినబడును. లేచి, డబ్బా మూత తీసి, పప్పు కొలిచి, కడిగి, నీరు పోయుచున్నది మాత్రము చాల ఇండ్లలో ఇంకను తల్లియే.