పసిబిడ్డ ‘ఊ’ అంటే పలికేదెవరు?

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరంలో మగ్గమున్న ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుడుతూనే ఉయ్యాల్లోని బిడ్డతో మాట్లాడుతుంటారు. చెయ్యి రాట్నం మీదే ఉంటుంది, చూపు బిడ్డ మీద ఉంటుంది. బిడ్డ ‘ఊ’ అంటే తల్లీ ‘ఊ’ అని రాగం తీస్తుంది. బిడ్డ కాళ్లు తన్నుకుంటూ మళ్లీ ఊకొడుతుంది. పొద్దుపోని ముద్దుమాటలని మనం తీసిపారేసే ఈ ఊసులతోనే పసిమెదడు పెరుగుతుంది.

1970లలో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక పరీక్ష పెట్టాడు. అప్పటిదాకా ఆడించిన తల్లి ఉన్నట్టుండి ముఖం బిగించి, ఉలుకూ పలుకూ లేకుండా చూస్తుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పుకుంటుంది. తల్లి కసరలేదు, కొట్టలేదు. పలకలేదంతే! అదే పెద్దవాళ్లు బిడ్డ కళ్లలోకి చూస్తూ పాడితే ఇద్దరి మెదడు తరంగాలూ జతకూడుతాయని 2017లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించారు.

శాస్త్రవేత్త పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం మనకు మరీ దగ్గరిది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల్ని చైనా భాష మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని ఆడిస్తే ఆ భాష ధ్వనులు పట్టుబడ్డాయి. అదే టీవీలో చూపిస్తే పట్టుబడలేదు. హిందూపురం పిల్లలకు తెలుగూ కన్నడమూ కలిసి వస్తున్నాయంటే, ఇంట్లో, వీధిలో పలకరించే మనుషులుండబట్టే. చేతికిచ్చిన ఫోన్ ఆ పని చెయ్యలేదు.

ఇదంతా తల్లులకు సుద్దులు చెప్పడానికి కాదు. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పొయ్యే తల్లి బిడ్డను జేజికి అప్పగించి బస్సెక్కుతుంది. పలికే జేజి ఉంటే బిడ్డకు లోటు లేదు. ఆ జేజి కూడా కూలికి పోతేనో?

50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చనీ 2017లో చట్టం సవరించారు. నలుగురైదుగురు నేసే మగ్గాల షెడ్డుకు ఆ నిబంధన అందదు. మూడేళ్లలోపు పిల్లలతో ఎట్లా ఆడాలో, మాట్లాడాలో చెప్పే ‘నవచేతన’ మార్గదర్శకాన్ని 2024లో కేంద్రం తెచ్చింది. మంచిదే. కానీ దాన్ని అమలు చెయ్యాల్సిన అంగన్‌వాడీ కార్యకర్త నెత్తిన ఇప్పటికే బోలెడు పనులున్నాయి.

మగ్గాల వీధుల్లో పిల్లల గదులు తెరవాలి. టీవీ పెట్టి వదిలెయ్యకుండా పిల్లలతో మాట్లాడే ఆయమ్మను సరైన జీతమిచ్చి పెట్టాలి. ఏ ఫ్యాక్టరీలో గది ఉందో, ఎక్కడ లేదో శ్రీ సత్యసాయి జిల్లా అధికారులు లెక్కతీసి జనం ముందు పెట్టాలి.