బయాసు చెడిన లాప్‌టాపు

“బయాసు అప్‌డేటు జరుగుచుండగా కరెంటు పోయినది. బ్యాటరీ యెన్నడో చెడినది. నాటినుండి తెర నల్లగా నున్నది. దుకాణమువారు మదర్‌బోర్డు మార్చవలెననుచున్నారు. పిల్లల ఫొటోలన్నియు పోయినట్లేనా?” అని యొక సోదరి మాకు వ్రాసినది.

పోలేదు. ఫొటోలును, ఇంటి లెక్కలును డిస్కులో నుండును. బయాసు మదర్‌బోర్డు మీద వేరుగా నుండు చిన్న చిప్పులో నుండును. బటను నొక్కినతోడనే ముందుగా మేల్కొని, మెమరీని, తెరను సిద్ధపరచి, పిమ్మట విండోసును లేపునది యదియే. దాని వ్రాత నడుమ నాగినచో లేపువారు లేక యంత్రము మిన్నకుండును. కొట్టుగది తాళము చెడినంతమాత్రమున లోపలి బియ్యము పోవునా?

అప్‌డేటు పిమ్మట తెర కొన్ని నిమిషములు నల్లగా నుండుట సహజమే. కావున అరగంట యోర్చి చూడవలెను. అప్పటికిని కదలనిచో, అనేక యంత్రములలో తయారుచేసినవారే యొక మార్గముంచినారు. హెచ్.పి. లాప్‌టాపులలో పెక్కింటికి చార్జరు తగిలించి, విండోసు మీటను, ‘బి’ మీటను కలిపి నొక్కియుంచి, పవర్ బటనును రెండు మూడు సెకండ్లు నొక్కి వదలవలెను. మీటలను మాత్రము తెర వెలుగువరకు వదలరాదు. డెల్ వారి వానిలో పెక్కింటికి చార్జరు తీసి, ‘కంట్రోల్’, ‘ఎస్కేప్’ మీటలు నొక్కియుంచి మరల చార్జరు తగిలించవలెను. లోపల దాచిన ప్రతి దొరకనిచో, వేరొక కంప్యూటరు నుండి కంపెనీవారి ఫైలును పెన్‌డ్రైవులోనికి దింపి తగిలించవలెను. ఆ ఫైలు సరిగా నా మోడలుదే కావలెను.

ఇదియు ఫలింపనిచో పనివాడు ప్రోగ్రామరు అను చిన్న పరికరముతో చిప్పును తిరిగి వ్రాయగలడు. సాధారణముగా మదర్‌బోర్డు మార్చుటకంటె నిది చౌక. “చిప్పు తిరిగి వ్రాయుదురా? పాత వ్రాతను ముందు దాచుదురా?” అని యడుగుడు. స్త్రీ యడిగినచో నవ్వువారు కలరు; నవ్వనిండు, సమాధానము మాత్రము రాబట్టుడు.

మా భయమెల్ల వేరొకచోట నున్నది. నేటి విండోసు 11 లాప్‌టాపులలో పెక్కింట డిస్కు తనంతట తానే బిట్‌లాకరు అను తాళముతో బంధింపబడియుండును. బయాసు గాని బోర్డు గాని మారినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ యడుగవచ్చును. అది లేనిచో ఫొటోలు డిస్కులో చెక్కుచెదరక యున్నను మనకు దక్కవు; మైక్రోసాఫ్టు వారును మరల సృష్టించి యీయలేరు. ఆ కీ సాధారణముగా యంత్రమును మొదట సిద్ధపరచినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. ఆ ఖాతా యెవరిది? భర్తగారిదా, చదువులకై దూరమేగిన కుమారునిదా, అమ్మిన దుకాణములోని కుర్రవానిదా? పెక్కు గృహిణులకిది తెలియదు. దినమంతయు వాడునది తామైనను, తాళపుచెవి యన్యుల కొంగున నున్నది! యంత్రము బాగుగ నున్న నేడే యా కీని కనుగొని, కాగితముపై వ్రాసి, ఇంటి పత్రములతో బీరువాలో నుంచుడు. ఫొటోల ప్రతి యొకటి వేరొక డిస్కులో నుంచుడు.

భద్రతా లోపములను సరిచేయు అప్‌డేటులను మానుమని మేము చెప్పము. బ్యాటరీ నిండిన పిమ్మట, చార్జరు తగిలించి, ఉరుములు మెరుపులు లేని వేళ చేయుడు. బ్యాటరీ చెడిన యంత్రమునకైనచో దానిని మార్పించిన పిమ్మటనే యీ పని.