అటకెక్కిన పద్యాలు

మొన్న సంక్రాంతికి ముందు మా ఇంటికో పార్శిలు వచ్చింది. పల్చగా, చదరంగా, క్యారమ్ బోర్డుకు తమ్ముడిలా ఉంది. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని ఫోన్లోనే ఆర్డరు. వచ్చాక చేతులు కడుక్కుని మరీ విప్పాడు. లోపల ఓ ఎల్పీ రికార్డు. నల్లగా కాదు, బత్తాయి రసం రంగులో ఉంది. అట్ట వెనక బంగారు అంకెలు... 217/500.

‘‘ఏంట్రా ఈ లెక్క?’’ అన్నాను.

‘‘లిమిటెడ్ ఎడిషన్ నాన్నా. ప్రపంచం మొత్తానికి ఐదొందలే వేశారు. మనది రెండొందల పదిహేడోది.’’

‘‘ఎంత?’’

వాడు అట్ట మీది బొమ్మ చూడటంలో మునిగిపోయాడు. జవాబు వాళ్లమ్మ చెప్పింది. నాలుగున్నర వేలు!

1960ల్లో ఎవరో విదేశీయులు వాయించిన జాజ్ సంగీతమట. అప్పట్లో ఎవరూ కొనలేదు కాబట్టి అరుదైపోయింది. అరుదైపోయింది కాబట్టి ఇప్పుడు అందరూ కొంటున్నారు. అందుకే మళ్లీ అచ్చు వేశారు. వాడు చెప్పింది విన్నాక లోకం తీరు మీద నాకు కొంచెం నవ్వొచ్చింది గానీ, విషయం నవ్వులాట కాదు. రికార్డుల పని అయిపోయిందని మనమంతా ఎప్పుడో అనేసుకున్నాం కదా. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2008 నుంచి అక్కడ ఏటా రికార్డు షాపుల కోసం ఓ రోజు పండగలా చేస్తున్నారు. ఆ రోజు కోసమే పరిమితంగా ముద్రించిన ప్రతులు వస్తాయి. వాటి కోసం తెల్లారకముందే దుకాణాల ముందు వరసలో నిలబడతారు, మనం కొత్త సినిమా మొదటి ఆటకు నిలబడినట్టు.

ఇదంతా వింటూ వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తింది. ‘‘ఇట్టాంటివి మా నాన్న దగ్గర పెట్టెడు ఉండేవి. మీరేగా విసిరి విసిరి పగలగొట్టింది’’ అంది.

నా మొహంలో రంగు మారింది. మా అబ్బాయి చేతిలో రికార్డు పట్టుకునే నా వైపు తిరిగాడు.

చెప్పక తప్పలేదు. మా అమ్మ పుట్టిల్లు పల్నాడులో అచ్చంపేట. సత్తెనపల్లిలో బస్సు మారి, క్రోసూరు మీదుగా వెళ్లేవాళ్లం. వేసవి సెలవులన్నీ అక్కడే. తాతయ్యది మిరపకాయల వ్యాపారం. గుంటూరు వెళ్లి సరుకు అమ్మి, తిరిగొచ్చేటప్పుడు గ్రామఫోను ప్లేట్లు కొనుక్కొచ్చేవాడట. ‘సంచిలో అమ్మమ్మకు చీర ఉంటుందో ఉండదో గానీ, కుక్కబొమ్మ ప్లేటు మాత్రం ఉండేది’ అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ ప్లేట్లలో సినిమా పాటలు తక్కువ. అన్నీ నాటకం పద్యాలే. రాయబారం, చింతామణి, హరిశ్చంద్ర.

నాకు ఊహ తెలిసేనాటికి గ్రామఫోను పెట్టెలో స్ప్రింగు తెగిపోయింది. ఇంట్లోకి రేడియో వచ్చింది. ప్లేట్లు వసారాలో ఓ చెక్కపెట్టెలో పడి ఉండేవి. ఓ వేసవిలో నేనూ మా మావయ్య పిల్లలూ రాయబారం ఆట ఆడాం. నేను కృష్ణుణ్ని. కృష్ణుడికి చక్రం కావాలి కదా! నల్లటి ప్లేటు వేలి మీద గిర్రున తిప్పి వేపచెట్టుకేసి విసిరితే భళ్లున పగిలేది. ఆ మధ్యాహ్నం ఎన్ని చక్రాలు విసిరానో లెక్కలేదు. తాతయ్య వచ్చి చూసి ఏమీ అనలేదు. ముక్కలు ఏరి గోనెసంచిలో పోశాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ని.

ఆ ప్లేట్ల విలువేమిటో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అవి వినైల్ కావు. లక్క కలిపి చేసిన 78లు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. కింద పడితే గాజులా పగులుతాయి. ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో పావు నిమిషం. మన నాటకాల సంగతి మీకు తెలుసు. పద్యం ఎత్తుకుంటే రాగం తీసి తీసి, జనం ‘వన్స్‌మోర్’ అని అరిస్తే మళ్లీ మొదలుపెట్టి, ఒక్క పద్యం మీదే పావుగంట గడిపేసేవాళ్లు. అట్లాంటి నటుణ్ని రికార్డింగ్ గదిలో నిలబెట్టి మూడు నిమిషాల్లో ముగించమంటే ఎలా ఉంటుంది? ఆలాపన ఎక్కడ తగ్గించాలి, ఏ మాట మీద నిలవాలి, ముగింపు ఎప్పుడు అందుకోవాలి... అంతా ముందే లెక్క వేసుకుని పాడాలి. తప్పు పోతే కోసి అతికించే వీలు లేదు, మొదట్నుంచీ పాడాల్సిందే. అందుకే ఆ మూడు నిమిషాల పద్యం రంగస్థలం మీది పద్యానికి నకలు కాదు, అదో వేరే విద్య.

ఇంకోమాట. మన గుంటూరు సీమకు ఆ పద్యాలతో ఉన్న బంధం చిన్నది కాదు. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు ఈ జిల్లా వారే. ఆ నాటకం కాటి సీనులో నటులు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు చేర్చుకుని పాడటం ఆనవాయితీ అయింది. 1895లో జాషువా పుట్టిన వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. ఘంటసాల పాడగా ఇంటింటికీ చేరిన ‘పుష్పవిలాపం’ రాసిన కరుణశ్రీ గారిదీ గుంటూరు జిల్లానే. పుస్తకం కొనలేని, కొన్నా చదవలేని మనిషి కూడా ఈ పద్యాలు కంఠతా పట్టాడంటే అందులో నాటకం పాలెంతో ప్లేటు పాలూ అంతే.

మరి ఈ పాత ప్లేట్లు మళ్లీ ఎందుకు అచ్చు కావు? మా అబ్బాయిని అదే అడిగాను. ఘంటసాల భగవద్గీతనో, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతాన్నో మళ్లీ వేస్తే కొనేవాళ్లుంటారు. వాటి అసలు టేపులు కంపెనీ దగ్గర ఉంటాయి. నాటక పద్యాల కాలానికి అసలు టేపే లేదు. గాయకుడు పాడింది పాడినట్టు మైనం మీద గీతలుగా చెక్కి, దాన్నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో ప్లేట్లు ఒత్తేవాళ్లు. అచ్చు అరిగినా, తుక్కులోకి పోయినా మిగిలేది కొన్నవాళ్ల ఇళ్లలోని ప్లేట్లే. అంటే మళ్లీ అచ్చు వేయాలన్నా ముందు ఎవరి అటక మీదో ఓ మంచి ప్లేటు దొరకాలి. మద్రాసులో వి.ఎ.కె.రంగారావు గారిలాంటి వారు వేలాది 78లు పోగుచేయబట్టి ఎన్నో పాటలు దక్కాయి. ముంబయిలో 1990లో రికార్డు సేకర్తలంతా కలిసి ఓ సంఘమే పెట్టుకున్నారు. అయినా ఎంతమంది అని ఊరూరా తిరుగుతారు?

‘‘అయితే అచ్చంపేట పోదాం పదండి’’ అన్నాడు వాడు. పండక్కి అమ్మను కూడా తీసుకుని వెళ్లాం.

మావయ్య లేడు. ఆయన కొడుకు నిచ్చెన వేసి అటక ఎక్కాడు. ఇత్తడి గుండిగలు, పాత పంచాంగాల కట్ట, విరిగిన ఉయ్యాల బల్ల... వాటి వెనక ఆ చెక్కపెట్టె. నలభై దాకా ఉండే ప్లేట్లలో మూడంటే మూడే మిగిలాయి. ఒకటి రెండు ముక్కలు. ఒకటి ఎండ వేడికి అప్పడంలా ఒంగింది. మూడోది మాత్రం బాగానే ఉంది, అంచున చిన్న పెచ్చు తప్ప. మధ్యలో కాగితం సగం చెదలు తినేసింది. హరిశ్చంద్ర అన్న పేరు, పద్యం అన్న మాట మిగిలాయి. పాడినవారి పేరు ఉండాల్సిన చోట చిల్లు.

మా అబ్బాయి దగ్గరున్న కొత్త మిషను 33, 45 చుట్లే తిరుగుతుంది. పైగా ఎల్పీ ముల్లు సన్నం, 78 గాడి వెడల్పు. ఆ ముల్లు పెడితే గరగర తప్ప పద్యం వినపడదు. చివరికి హైదరాబాద్‌లో పాత రికార్డులు సేకరించే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాం. మేం ప్లేటు తుడవడానికి స్పిరిట్ తెచ్చామని చూసి ఆయన గుండె పట్టుకున్నంత పని చేశాడు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుందట! గోరువెచ్చగా కూడా కాదు, మామూలు చల్లటి నీళ్లలో చుక్క సబ్బు కలిపి, కాగితం తడవకుండా, గాడి వెంట గుండ్రంగా మెత్తటి బట్టతో తుడిచాడు. ఆరాక తగిన ముల్లు బిగించి, పద్యాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పాడింది ఎవరో గొంతును బట్టి ఆయనా పోల్చుకోలేకపోయాడు. ‘‘మీ ఊళ్లో పెద్దవాళ్లకు వినిపించండి. ఎవరో ఒకరు చెబుతారు’’ అన్నాడు.

ఆయన మరికొన్ని మాటలు కూడా చెప్పాడు. మీకూ పనికొస్తాయి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. ఎండ తగలకూడదు. పగిలినా పారేయొద్దు. రెండు ముక్కల్నీ ఓపిగ్గా కలిపి పాడించే పనివాళ్లున్నారు. ఇక హక్కుల మాట. మన దేశంలో రికార్డింగు మీద హక్కు అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1940ల నాటి ప్లేటుకు ఆ గడువు ఎప్పుడో తీరింది. రాసిన కవి హక్కు వేరు, అది ఆయన పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది.

ఆ రాత్రి అమ్మకు పద్యం వినిపించాం. ముందు గరగరమని వాన చప్పుడు. ఆ వెనక హార్మోనియం. తర్వాత ఓ గొంతు, గుక్క తిప్పుకోకుండా పైకి పోతూ. అమ్మ కళ్లు మూసుకుంది. పద్యం సగంలో ఉండగా ఉన్నట్టుండి చెయ్యెత్తి, ‘‘ఇక్కడ ఎగురుద్ది చూడు’’ అంది. అన్నట్టే ఓ మాట తప్పి ముల్లు ముందుకు గెంతింది. డెబ్భై ఏళ్ల కిందట తన అన్నయ్య ముల్లు జార్చినప్పుడు పడిన గీత అట అది! తాతయ్య అప్పుడూ ఏమీ అనలేదట.

రేపు ఎవరైనా ఈ పద్యాన్ని రంగుల వినైల్ మీద ఐదొందల ప్రతులు వేస్తే మా అబ్బాయి మొదటి వరసలో నిలబడతాడు. డబ్బులు నేనే ఇస్తాను. అందులో ఆ గీత ఉండదు. పద్యం మాత్రం ఉంటుంది, అది చాలు. కానీ వేయాలన్నా ముందు ఇలాంటి ఓ ప్లేటు బతికి ఉండాలి కదా. ఈ ఆదివారం తీరికుంటే మీ అటక మీదా ఓసారి చూడండి. నాలాంటి కృష్ణులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు.

మూడు నిమిషాలకు పద్యం ఆగిపోయింది. గదిలో ఎవరం మాట్లాడలేదు. అమ్మ కళ్లు తెరిచి, మా అబ్బాయి వైపు చూసి మెల్లగా అంది.

‘‘వన్స్‌మోర్.’’